సూరతులో పండుగ పళ్ళెము, పిల్లల బడి

తాపీనది సముద్రమును చేరబోవు చోట వెలసిన సూరతు నగరమును గూర్చి మన తెలుగువారికి సాధారణముగా తెలిసినవి రెండే విషయములు: చీరలు, వజ్రములు. ఈ రెండింటికిని దీటుగా నిలువదగిన మూడవ కీర్తి యొకటి ఆ నగరమునకు గలదు. అది భట్టీలో కాల్చిన తినుబండారముల కీర్తి. నోటవేసికొనగనే కరగిపోవు నాన్‌ఖటాయి, పొరలుపొరలుగా విచ్చుకొను ఖారీ, జీలకర్ర వేసి గట్టిగా ఆరబెట్టిన సూరతీ బటర్ బిస్కత్తు, ఇవి లేని పండుగ ఇచ్చట పండుగ కాదు; ఊరికి వెళ్ళు చుట్టము చేతిలో వీని పెట్టె లేనిచో సూరతునుండి వచ్చినట్లే కాదు. ఈ నగరమున స్థిరపడిన తెలుగు గృహస్థులలో ఒకనిగా, పండుగ పళ్ళెమును గూర్చియు, ఆ పళ్ళెము చుట్టు మూగు పిల్లలను గూర్చియు నాకు తోచిన నాలుగు మాటలు ఇందు వ్రాయుచున్నాను.

పూర్వ మీ రేవు మొగలాయి సామ్రాజ్యమునకు సముద్రద్వారము. మక్కాయాత్రకు పోవు ఓడలు ఇచ్చటినుండియే బయలుదేరెడివి. ఆంగ్లేయులు 1613 ప్రాంతమున ఇచ్చట వర్తకశాల నెలకొల్పిరి. డచ్చివారు 1616లో నెలకొల్పిరి. తెలుగు పాఠకుడు ఇచ్చట ఒక్కక్షణ మాగి గుర్తింపదగిన సంగతి యేమనగా, ఆ డచ్చివారు సూరతునకు రాకమునుపే, 1606 నాటికే, మన మచిలీబందరులో వ్యాపారము సాగించుచుండిరి. కృష్ణాతీరపు కలంకారీ గుడ్డలను, తాపీతీరపు నూలు గుడ్డలను ఒకే కంపెనీ ఓడలు మోసినవి. అట్టి విదేశీయులు తమ రొట్టె కొరకు కట్టుకొన్న భట్టీలే సూరతు బేకరీ విద్యకు మూలమని ఇచ్చటి వారందరును చెప్పుదురు. ఒక డచ్చి దంపతులు నడిపిన రొట్టెల దుకాణమున పార్సీలు పనిచేసిరనియు, యజమానులు స్వదేశమునకు మరలునపుడు దానిని ఫరాంజీ పెస్తోంజీ దోటీవాలా యను పనివానికి అప్పగించిరనియు, కల్లు పోసి పులియబెట్టిన పిండితో చేసిన రొట్టెను స్థానికులు ముట్టకపోగా మిగిలి ఎండిపోయిన రొట్టెముక్కలే క్రమముగా జనులకు రుచించి బిస్కత్తులుగా మారినవనియు ఒక కథ ప్రచారమున నున్నది. దోటీవాలా బేకరీ తన స్థాపనవత్సరమును 1861గా చెప్పుకొనుచున్నది. డచ్చివారి సూరతు స్థావరము అంతకు చాల ముందే, 1824 సంధి ననుసరించి 1825లో ఆంగ్లేయుల వశమైనది గనుక, ఈ కథలోని ప్రతి యంశమును చరిత్రగా గ్రహింపవలసిన పనిలేదు. పరదేశీయుల రొట్టెవిద్యను పార్సీల చేతులు కాపాడినవనుటయు, గుజరాతీల నేయి, యేలకులు దానికి క్రొత్త రుచి కూర్చినవనుటయు మాత్రము నేటికిని ఈ నగరపు నాన్‌పురా పేట వీథులలో వాసనపట్టి తెలిసికొనవచ్చును.

సూరతువారి పండుగల వరుస మన వరుసకు కొంత దగ్గర, కొంత దూరము. శరత్పూర్ణిమ మరునాడు చందీ పడవో యను పండుగనాడు కోవా, నేయి కూర్చిన ఘారీలను తినుట వీరి ప్రత్యేకత. దీపావళి అమావాస్య గడచిన తరువాత వచ్చు కార్తిక శుద్ధ పాడ్యమి గుజరాతీలకు సంవత్సరాది. విక్రమశకము నూతనముగా ఆరంభమగు ఆ దినమున తెల్లవారకమునుపే లేచి, క్రొత్త బట్టలు కట్టి, ఇరుగుపొరుగు వారి గడపలెక్కి, పెద్దల పాదములకు నమస్కరించి, ‘సాల్ ముబారక్’ అని శుభాకాంక్షలు చెప్పుకొందురు. ప్రతి యింటిలోను ముందుగదియందు ఒక పళ్ళెము సిద్ధముగా నుండును: మఠియా, చోరాఫళి, ఘూఘరా, నాన్‌ఖటాయి. వచ్చినవారు అందుండి ఏదేని యొకటి నోట వేసికొననిదే కదలరాదు. ఏడాది పొడవున మాటలాడనివారు గూడ ఆ యొక్క దినమున పలుకరించుకొందురు. ఐదవనాటి లాభపంచమి వరకును వస్త్రవిపణులన్నియు మూతపడి యుండును గనుక ఆ కొద్దిదినములే ఈ కష్టజీవుల నగరమునకు నిజమైన విశ్రాంతి.

పండుగ సమీపించినపుడు గుజరాతు పట్టణములలో గృహిణులు తమ నేయి, తమ పిండి, తమ పంచదార తీసికొని బేకరీకి పోయి, ఎదురుగా నిలిచి నాన్‌ఖటాయి కాల్పించుకొని డబ్బాలనిండ తెచ్చుకొను అలవాటు చిరకాలముగా నున్నది. క్రిస్మస్సుకు ముందు మన తెలుగు పట్టణములలో క్రైస్తవ కుటుంబములు పిండిగిన్నెలతో బేకరీకి పోయి కేకులు కాల్పించుకొనుటయు ఇట్టిదే. ఇప్పుడు చిన్న విద్యుత్ ఓవెన్లు మధ్యతరగతి యిండ్లకు వచ్చినవి. అవి లేనివారు మందపాటి గిన్నె అడుగున ఇసుకయో ఉప్పో పోసి, దానిపై చిన్న పళ్ళెము పెట్టి, మూతవేసి, సన్నని సెగపై కాల్చుకొందురు. ఇసుక వేడిని నిలువబెట్టి నెమ్మదిగా అన్నివైపులకును పంచును గనుక అడుగు మాడదు.

నాన్‌ఖటాయి చేయుట ఎవరికైనను సాధ్యమే. అయితే ఏ పని ఎందుకు చేయుచున్నామో తెలిసినగాని చక్కగా కుదురదు. మా యింట వాడు కొలత ఇది: మైదా 200 గ్రాములు, శనగపిండి 75 గ్రాములు, బొంబాయిరవ్వ 25 గ్రాములు, పేరిన నేయి 150 గ్రాములు, మెత్తగా పొడిచేసిన పంచదార 150 గ్రాములు, ఒక చెంచా పెరుగు, పావుచెంచా వంటసోడా, యేలకుల పొడి. నేయిని కరగింపరాదు. పూసకట్టిన నేతిని, పంచదార పొడిని వెడల్పు పళ్ళెమున వేసి అరచేతితో గుండ్రముగా రుద్దుచుండగా ఆ మిశ్రమము క్రమముగా తెల్లబడి, వెన్నవలె తేలికపడును. కంటికి కనబడని గాలిబుడగలు అందు చిక్కుకొనుటయే ఆ తెల్లదనమునకు కారణము. కరగిన నేతిలో గాలి నిలువదు గనుక అట్టి నేతితో చేసినవి చదునుగా పరచుకొని గట్టిపడును. తరువాత పిండి కలుపునపుడు చపాతీపిండివలె మర్దింపరాదు. గోధుమలోని మాంసకృత్తులు నీటితో కలసి మర్దనకు లోనైనచో సాగుడుగుణము గల జిగురు పుట్టును; రొట్టెకు అది ప్రాణము, నాన్‌ఖటాయికి అది శత్రువు. నేయి పిండిరేణువులను చుట్టుకొని ఆ జిగురు పుట్టనీయదు. శనగపిండిలో అట్టి జిగురు అసలే లేదు. అందుచేతనే నాన్‌ఖటాయి నోట కరగును. ఉసిరికాయంత ఉండలు చేసి, కొంచెము నొక్కి, నడుమ ఎడము విడిచి పేర్చి, 170 డిగ్రీల వేడిలో పదునైదు ఇరువది నిమిషములు కాల్చవలెను. బయటికి తీసిన వెంటనే అవి మెత్తగా నుండును. అది చూచి ఇంకను కాలలేదని భ్రమపడి తిరిగి లోపల పెట్టువారే ఎక్కువ. చల్లారిన కొలదిని అవియే గట్టిపడును. పైభాగమున సన్నని పగుళ్ళు కనబడినచో పని కుదిరినదని తెలిసికొనవలెను.

ఈ పనిలో పిల్లలకు చోటు విస్తారముగా గలదు. ఉండలు చేయుట, పైన పిస్తా పలుకులు అద్దుట, లెక్కపెట్టుట వారికి మిక్కిలి ప్రీతి. మా వాకిట ఆడుకొను పిల్లలందరును పండుగకు ముందు ఒక సాయంకాలము మా వంటయింట చేరుదురు. ఒకడు చేసిన ఉండ నిమ్మకాయంత, మరియొకతె చేసినది రేగుపండంత. ఒకే పళ్ళెమున రెండును కాలినపుడు చిన్నది మాడి పెద్దది పచ్చిగా నుండుట చూచి, అన్నియు సమానముగా నుండవలెనని ఎవరును చెప్పకయే వారు గ్రహింతురు. విసుగు పుట్టగానే చేతులు కడుగుకొని పరుగెత్తిపోదురు. ఆ పోవుటకు వారికి అధికారము గలదు.

ఆ యధికారము లేని పిల్లలను గూర్చియే ఈ వ్యాసము వ్రాయ సంకల్పించితిని.

సూరతులోని లింబాయత్, ఉధ్నా, గోడాదరా, పర్వత్ పాటియా ప్రాంతములలో తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు, ఇతర తెలుగు కుటుంబములు వేలకొలదిగా నివసించుచున్నవి. సిరిసిల్ల, షోలాపురము, భివండి, సూరతు అను నాలుగు పేరులు ఈ కుటుంబముల చరిత్రలో ఒకే త్రోవలోని మజిలీలు. చేతిమగ్గము కూడుపెట్టని కాలమున కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలను విడిచి, వీరు సాంచాలు అను మరమగ్గములమీద పనికి వచ్చిరి. పండ్రెండుగంటల పాళి, చెవులు దిబ్బళ్ళుపడు మోత, నేసిన మీటరును బట్టి కూలి, ఇదియే వారి జీవితము. మగవారు సాంచాలకు పోగా, ఇంట నుండు ఆడువారికి వస్త్రవిపణినుండి వేరొక పని వచ్చును: చీరలకు రాళ్ళు, టిక్కీలు అతికించుట, లేసు కుట్టుట, వెనుకవైపు దారములు కత్తిరించుట, మడతలు పెట్టుట. ఇంత పనికి చీర యొక్కింటికి కొలది రూపాయలు. దసరా, దీపావళి సమీపించినకొలదిని దేశమంతటనుండి చీరలకు గిరాకి పెరుగును, మూటలు ఎక్కువగా వచ్చును, గడువు దగ్గరపడును, తల్లి చేతులు చాలవు, అప్పుడు పిల్లల చేతులు కావలసివచ్చును. సన్నని వ్రేళ్ళు గనుక రాళ్ళు అతికించుటకు అవి అనుకూలములని చెప్పువారిని గూడ నేను విన్నాను.

బతుకమ్మ పండుగ దినములలో మా పేటలోని యొక తల్లి, ఏడవ తరగతి చదువుచున్న కూతురు బడికి పోక చీరల ముందు కూర్చుండుట చూచి నేనడుగగా, ‘సీజను అయిపోంగనె పంపుతం అన్నా, గీ నెల గడ్వనీయుండ్రి’ అనెను. ఆ మాటలో కాఠిన్యము లేదు, బిడ్డపై ప్రేమ లేకయును లేదు. ఇంటి అద్దె, కిరాణా బాకీ ఉన్నవి. అయినను తరగతిలో పాఠము సీజను కొరకు ఆగదు. నెలదినములు బడి తప్పిన పిల్లకు భిన్నములు అర్థము కావు, భిన్నములు రానిదానికి దశాంశములు రావు, మరుసటి యేడు బీజగణితమున ఆమెకు తలయెత్తుటకే సిగ్గు కలుగును. ఆ సిగ్గే ఆమెను బడి మాన్పించును. తరువాత అందరును ‘పిల్లకు చదువుమీద మనసు లేదు’ అందురు.

చట్టమేమి చెప్పుచున్నదో సామాన్యులు తెలిసికొనవలసిన యవసరము మిక్కుటముగా గలదు. 1986నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, పదునాలుగేండ్లలోపు పిల్లలను ఏ వృత్తిలోను నియోగింపరాదని పార్లమెంటు శాసించినది. పదునాలుగు మొదలు పదునెనిమిదేండ్లలోపు వారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదనియు నిర్ణయించినది. అయితే అదే సవరణలో, ప్రమాదకరము కాని కుటుంబవృత్తులలో బడివేళలు ముగిసిన తరువాతను సెలవులలోను పిల్లలు సాయపడవచ్చునను మినహాయింపొకటి చేర్చినది. కులవృత్తులను, సేద్యమును దృష్టియందుంచుకొని చేసితిమని చెప్పబడిన ఈ మినహాయింపు, సూరతు వంటి నగరమున వేరు రూపము దాల్చును. చీరలు వర్తకునివి, గడువు వర్తకునిది, లాభము వర్తకునిది. ఇల్లు మాత్రము మనది. ఇంటి గోడల నడుమ జరుగుచున్నంత మాత్రమున దానిని కుటుంబవృత్తి యనుట సత్యము కాదని నా దృఢాభిప్రాయము. నాన్‌ఖటాయి ఉండచేయు పిల్లవాడు విసిగినపుడు లేచిపోవును. మూట పూర్తికానిదే లేవరాదన్న పిల్ల కార్మికురాలే, ఆమె ప్రక్కన కూర్చున్నది కన్నతల్లియే యైనను.

ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ యధికరణము పిల్లలకు విశ్రాంతి, ఆటపాటలు హక్కులని ప్రకటించుచున్నది. 32వది ఆర్థికదోపిడినుండి రక్షణ కోరుచున్నది. భారతదేశ మా యొడంబడికలో 1992లో చేరినది. మన తెలుగునాటికి ఇది పరాయి యాలోచన యేమియు కాదు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆంధ్ర బాలానంద సంఘము ద్వారా, 1945లో ఆరంభించిన ‘బాల’ పత్రిక ద్వారా, పిల్లల గొంతుకను పెద్దలు వినవలెనని ఆచరణలో చూపినవారు. అటుపిమ్మట ఈ విషయమున సమస్త దేశమునకు మార్గము చూపినది గూడ మన తెలుగునేలయే.

హైదరాబాదు విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్ర ఆచార్యులుగా నుండిన శాంతా సిన్హాగారు తమ తాతగారి పేర 1981లో నెలకొల్పబడిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను ద్వారా 1991 ప్రాంతమున రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల విముక్తికి పూనుకొనిరి. అంతవరకు ప్రమాదకరమైన పనులు వేరు, ప్రమాదము లేని పనులు వేరు అని విడదీయుట, బీదవారు పిల్లలను పనికి పంపక తప్పదని సరిపుచ్చుకొనుట పరిపాటిగా నుండెను. ఆమె ఆ విభజనను త్రోసిపుచ్చి, పగటిబడికి పోని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యనిరి. పశువులు కాయుచున్నను, పత్తిచేనులో నున్నను, ఇంట తమ్ముని ఎత్తుకొనుచున్నను అంతే. పని విడిచి వచ్చిన పిల్లలను వెంటనే చిన్నతరగతిలో చిన్నపిల్లల సరసన కూర్చుండబెట్టక, శిబిరములలో కొన్నినెలలు చదివించి వయస్సుకు తగిన తరగతిలో చేర్చు పద్ధతి వేలాది పిల్లలకు త్రోవ అయినది. తల్లిదండ్రులు పేదరికముచేత పిల్లలను చదివింపరను మాట సత్యము కాదనియు, బడి అందుబాటులో నుండి చేయూత దొరకినచో నిరుపేద తల్లి గూడ కష్టపడి పంపుననియు ఆ జిల్లా గ్రామములు ఋజువుచేసినవి. 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారము లభించినది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషనునకు ఆమెయే ప్రథమాధ్యక్షురాలు.

సూరతు తెలుగువారికి ఒక విషయమున భాగ్యము గలదు. ఇచ్చటి నగరపాలక సంస్థ యొక్క ప్రాథమిక శిక్షణ సమితి గుజరాతీతోపాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఆంగ్ల మాధ్యమములలో గూడ పాఠశాలలు నడుపుచున్నది. మాతృభాషా రాష్ట్రమునకు ఇంతదూరమున, ఒక నగరపాలక సంస్థ కార్మికుల పిల్లలకు తెలుగులో అక్షరములు దిద్దించుట సామాన్యమైన ఔదార్యము కాదు. అయితే నిర్బంధవిద్య యెనిమిదవ తరగతితో ముగియును. పదునాలుగేండ్ల వయస్సుతో చట్టపు గట్టి రక్షణయు సడలును. ఈ రెండును ఒకేచోట కలియుట పిల్లలకు విపత్తు. తెలుగులో చదివిన పిల్లవాడు తొమ్మిదవ తరగతికి ఏ బడికి, ఏ మాధ్యమమునకు పోవలెనో తెలియక తల్లిదండ్రులు తబ్బిబ్బుపడుచున్న ఆ వేసవిలోనే, తండ్రి ప్రక్కన సాంచాల వద్ద ఒక చోటు ఖాళీయగును. ఏడవ తరగతినుండియే ఈ విషయము ఆలోచించి, గుజరాతీ గాని హిందీ గాని ఆంగ్లము గాని పిల్లలకు గట్టిగా నేర్పించుట, తెలుగు సంఘములు తమ ఉత్సవధనములో కొంత దీనికై వెచ్చించుట అత్యావశ్యకమని నా నమ్మకము. బతుకమ్మకు మైదానము అద్దెకు తీసికొనగల సంఘము, సాయంకాలపు బడికి ఒక గది తీసికొనలేదా?

వలస కుటుంబములను బడి గుమ్మమునొద్దనే భయపెట్టునది కాగితముల లేమి. ఊరినుండి బదిలీపత్రము రాలేదు, పుట్టినతేదీ పత్రము లేదు, విద్యాసంవత్సరము నడుమ వచ్చితిమి, ఇట్టివి చెప్పి వెనుదిరిగిన తల్లులు పెక్కుమంది. 2010 ఏప్రిలు 1నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ఈ మూడింటికిని సమాధానము చెప్పియున్నది. బదిలీపత్రము ఆలస్యమైనదని చేర్చుకొనుట ఆపరాదు. వయోధ్రువీకరణ లేదని నిరాకరింపరాదు. నడుమ వచ్చినను చేర్చుకొనవలెను. ఎన్నడును బడి చూడని పిల్లనైనను ఆమె వయస్సుకు తగిన తరగతిలోనే చేర్చి, వెనుకబడిన చదువును ప్రత్యేక శిక్షణచే పూరింపవలెను. ఈ మాటలు తెలిసిన పొరుగువాడొకడు తోడుగా బడివరకు నడచినచో చాలు, పని సానుకూలమగును.

ఈ యేడు సంవత్సరాది నాడు మీ గడపకు వచ్చు పిల్లల చేతిలో నాన్‌ఖటాయి పెట్టునపుడు, ‘ఏ తరగతి చదువుచున్నావమ్మా, నిన్న బడికి పోయితివా?’ అని తప్పక అడుగుడు. జవాబు తడబడినచో ఆ యింటికి మీరే పోవలయును; తల్లిని నిందింపక, బడికి తోడుగా వెళ్ళెదమని చెప్పవలయును. పండుగ గడువుల కొరకు మూటలు పంపు వర్తకులు మీ స్నేహితులైనచో, పిల్లల చేతులు తాకవలసిన అవసరము లేని గడువును, తల్లి చేతులకు చాలినంత కూలిని ఇమ్మని వారిని అడుగవలయును. బిడ్డ ఆపదలో నున్నదని, ఎక్కడనైన నిర్బంధింపబడి పనిచేయుచున్నదని తెలిసినచో 1098 సంఖ్యకు టెలిఫోను చేయుడు. 1996లో బొంబాయిలో ఆరంభమై దేశమంతట వ్యాపించిన ఆ బాలసహాయ కేంద్రము రాత్రింబవళ్ళు పనిచేయుచున్నది. పిలుపునకు రుసుము లేదు. పిల్లలు స్వయముగా గూడ పిలువవచ్చును.